పక్క మంచం రక్తం

తోరికాను చంపింది ఒక వేళాకోళం. ఆసుపత్రివాళ్ళు దానికి వేరే పేరు పెట్టారు. ఎరెమాసి పెట్టలేదు. పెళ్ళాన్ని మట్టిలో పెట్టి వచ్చినవాడికి పేర్లు మార్చి చెప్పుకోవలసిన పని లేదు.

ఆ ఆడవాళ్ళ వార్డుకు జిల్లా అంతటా మంచి పేరు. సముద్రం వైపు కిటికీలు, రెండు వరసల మంచాలు, పొద్దస్తమానం నవ్వులు. పక్కనున్న మగవాళ్ళ వార్డులో రోగులు గోడకు చెవి పెట్టి వినేవాళ్ళు. నవ్వించేది ఇద్దరు. డాక్టర్ ఇసిమేలి, నర్సు అలుమితా. అతనిది తీరం, ఆమెది దీవి. ఆ రెండు చోట్లకూ మూలపురుషుడు ఒకడే. అలాంటి ఊళ్ళవాళ్ళు ఒకరికొకరు తౌవూ. తౌవూలు ఎదురుపడితే తిట్టుకోవాలి. ఒకడి నెత్తిమీద టోపీ ఇంకొకడు లాక్కుపోవచ్చు, కంచంలో చేప తీసుకుని తినేయవచ్చు. కోపం మాత్రం రాకూడదు. ముందు కోపం తెచ్చుకున్నవాడి పరువు పోయినట్టే. తాతల నాడెప్పుడో తీరంవాళ్ళు దీవివాళ్ళ తాబేలును ఎత్తుకుపోయారట. అందుకని వీళ్ళు తాబేలు దొంగలు. దీవివాళ్ళకు నిప్పు రాజేయడం తెలియక దుంపలు పచ్చివే నమిలేవారట. అందుకని వాళ్ళు పచ్చిదుంపలు.

ఎరెమాసిది నది ఎగువన కొండ ఊరు. ఆ ఆసుపత్రిలో అతను తిట్టడానికి, అతన్ని తిట్టడానికి ఎవరూ లేరు. భార్య మంచం కాళ్ళవైపు చాప మీద కూర్చుని విసనకర్రతో విసిరేవాడు. వినేవాడు.

విన్నకొద్దీ అతనికి ఒక సంగతి తెలిసింది. ఆ వార్డులో డాక్టరుకు ఎవరూ ఎదురు చెప్పరు. డాక్టరు వస్తే నర్సులు తల వంచుకుని వెనక నడుస్తారు. ఆయన అడిగితే జవాబు, లేకపోతే లేదు. మందు తప్పు పడినా, చూడవలసిన రోగిని చూడకుండా వెళ్ళిపోతున్నా, "తప్పండీ" అనే నోరు ఆ గదిలో లేదు. వార్డు సిస్టరు ముప్పయ్యేళ్ళ నౌకరీ చేసిన మనిషి, ఆవిడకూ లేదు. అలుమితాకు మాత్రం ఉంది, తౌవూ కనుక. సిస్టరు అలుమితాను మోచేత్తో పొడిచి "చెప్పవే నీ దొంగకు" అనేది. అలుమితా గొంతెత్తేది.

"ఓయ్ తాబేలు దొంగా! మూలనున్న ముసలమ్మకు నొప్పి మందు రాయకుండా టీకి పారిపోతున్నావు. అది కూడా మీ ఊరికి మోసుకుపోతున్నావా?"

"అయ్యో, పచ్చిదుంపకు కళ్ళు కూడా ఉన్నాయే!" అంటూ డాక్టరు వెనక్కి వచ్చి రాసేవాడు. అందరూ నవ్వేవారు. మందు వచ్చేది. పని జరిగేది. పని జరుగుతోంది గనుక ఆ పద్ధతి మంచిదే అనుకున్నారు. కొత్తగా వచ్చిన నర్సులకు కూడా అదే నేర్పారు. ఏదైనా చెప్పాలంటే అలుమితాకు చెప్పండి, ఆ పిల్ల నవ్విస్తూ చెబుతుంది.

తోరికాకు కడుపులో గడ్డ తీశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆమె మంచం కిటికీ పక్కన. దాని పక్క మంచంలో ఇంకో తోరికా ఉండేది, బాగా పెద్దావిడ, లావుపాటి మనిషి, కడుపులో పుండు పడి రక్తం పోతూ ఉండేది. ఒకే పేరున్న వాళ్ళు ఒకరికొకరు యదా. యదాకు అడిగింది ఇవ్వకుండా ఉండకూడదు. పెద్దావిడకు ఉక్క పోసి ఊపిరాడటం లేదంటే తోరికా తన కిటికీ మంచం ఆవిడకు ఇచ్చేసింది.

"నీ కుట్లు ఇంకా ఆరలేదు. ఇప్పుడు నీకు మంచాలు పంచిపెట్టే పని ఎందుకు?" అన్నాడు ఎరెమాసి.

"నా యదా అడిగింది ముసలోడా. నువ్వు అడిగి ఉంటే ఇచ్చేదాన్ని కాదు" అంది తోరికా.

సిస్టరు నవ్వి ఇద్దరినీ మార్పించింది. దిండ్లు మార్చారు, దుప్పట్లు మార్చారు, నీళ్ళ సీసాలు మార్చారు. గోడకు తగిలించిన బోర్డులు ఎవరూ మార్చలేదు. రెండింటి మీదా పెద్ద అక్షరాల్లో తోరికా అనే ఉంది. రెండో పేరు కింద చీమల బారులా ఉంది.

మర్నాడు పొద్దున పెద్దావిడ కోసం రక్తం వచ్చింది. డాక్టర్ ఇసిమేలి ఆపరేషన్ గదికి వెళ్ళే తొందరలో ఉన్నాడు. నర్సులు చాలక తనే సంచీ పట్టుకుని వచ్చాడు. బోర్డు చూశాడు. తోరికా చెయ్యి పట్టుకుని సూదికి గొట్టం తగిలించాడు. అలుమితా అవతలి వరసలో ఒక రోగికి పక్క మారుస్తోంది. తలెత్తి చూసింది.

"ఓరి తాబేలు దొంగా! పక్క మంచం రక్తం ఎత్తుకొచ్చి ఆవిడకు పోస్తున్నావు! తాబేళ్ళు అయిపోయాయా మీకు, రక్తం మీద పడ్డారు?"

వార్డంతా గొల్లుమంది.

"పచ్చిదుంపా, మీ దీవికి అక్షరాలు ఎప్పుడు వచ్చాయే? బోర్డు మీద తోరికా అని ఉంది. చదవడం వచ్చా, చదివి పెట్టనా?"

"తోరికాలు ఇద్దరున్నారు! నీ కళ్ళు కూడా ఎవరి దగ్గరో కొట్టుకొచ్చినవేనా?"

"అయితే ఇద్దరినీ ఎత్తుకుపోతాలే. నువ్వూ వస్తావా, పడవలో చోటుంది."

"నన్ను ఎత్తాలంటే మీ ఊరు ఊరంతా రావాలి నాయనా" అంది కిటికీ దగ్గర్నుంచి పెద్దావిడ.

మళ్ళీ నవ్వులు. తోరికా కుట్లు లాగుతుంటే పొట్ట పట్టుకుని నవ్వింది. డాక్టరు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. అలుమితా కూడా నవ్వింది. నవ్వుతూ ఉండగానే ఎవరో పిలిస్తే పళ్ళెం పట్టుకుని బయటికి వెళ్ళింది.

ఎరెమాసి నవ్వలేదు. అది అతని గొప్పతనం కాదు. అతనికి నవ్వు రాదు, అంతే. పక్క మంచం రక్తం అన్న మాట అతనికీ వేళాకోళంగానే వినబడింది. తౌవూలు మాట్లాడుకుంటుంటే అందులో నిజమెంత అని ఎవడు వెతుకుతాడు?

కాసేపటికి తోరికా వణకడం మొదలుపెట్టింది. "నడుం విరిగిపోతోంది ముసలోడా" అంది. అతను కేకేశాడు. ఒక చిన్న నర్సు వచ్చి ఇంకో దుప్పటి కప్పి వెళ్ళింది. తోరికా దుప్పటి తన్నేసింది. మొహం ఎర్రబడింది, తర్వాత బూడిద రంగుకు తిరిగింది. అప్పుడు అలుమితా లోపలికి వచ్చింది. ఆ సంచీ ఇంకా అక్కడే వేలాడుతూ ఉండటం చూసింది. చేతిలో పళ్ళెం కింద పడేసి పరిగెత్తుకొచ్చి గొట్టం నొక్కి రక్తం ఆపేసింది. ఆ పరుగు ఎరెమాసి చూశాడు. ఆ పరుగులో వేళాకోళం లేదు. ఆ పొద్దుట నుంచి ఆ గదిలో వేళాకోళం లేకుండా జరిగిన మొదటి పని అదే.

మర్నాడు మధ్యాహ్నం తోరికా పోయింది. "శరీరం తట్టుకోలేకపోయింది" అన్నాడు డాక్టర్ ఇసిమేలి, ఎరెమాసి మొహం చూడకుండా. సిస్టరు తోరికా చాప చుట్టి తాడు కట్టి ఇచ్చింది. తాడు గట్టిగా ఉందో లేదో ఒకటికి రెండుసార్లు లాగి చూసింది. ఆ జాగ్రత్త చూసి ఎరెమాసికి ఆవిడ మొహం మీద ఉమ్మేయాలనిపించింది.

నూరో రాత్రి కర్మ అయ్యేదాకా గడ్డం తీయకూడదు. గడ్డం సగం పెరిగేసరికి అలుమితా నది దాటి ఊరికి వచ్చింది. ఒంటరిగా వచ్చింది. గడప దాటకుండా గుమ్మంలోనే కూర్చుంది.

"మామా, రక్తం నేనే పెట్టానంటున్నారు."

"పెట్టింది అతను."

"మీరు చూశారు. నేను ఆయనకు చెప్పడం కూడా విన్నారు. వార్డులో అందరూ విన్నారు. ఇప్పుడు అడిగితే సిస్టరు ఏమంటోందో తెలుసా? వాళ్ళిద్దరూ రోజూ అలాగే అరుచుకుంటారు, ఏ రోజు ఏమన్నారో ఎవరికి గుర్తు అంటోంది. రాజధాని సువా నుంచి విచారణకు ఒకామె వస్తుందట. మీరొక్కరు చెప్పండి మామా. నేను చెప్పానని చెప్పండి. చెబితే వినలేదని చెప్పండి."

"నీకు తెలుసా, ఆ రక్తం మా ఆవిడది కాదని?"

"తెలుసు."

"తెలిసి తిట్టావు."

"తిట్టినట్టు చెప్పాను మామా. అలా కాక ఇంకెలా చెప్పను? మామూలుగా చెబితే డాక్టరుకు ఎదురు తిరిగినట్టు. ఒకసారి ఒక పిల్ల చెప్పింది. ఆ పిల్లను వారం తిరక్కుండా ఉతికే గదికి పంపించారు, దుప్పట్లు లెక్కపెట్టుకోమని. మాకు ఉన్న దారి అదొక్కటే."

ఎరెమాసి పొయ్యి వంక చూశాడు. పొయ్యిలో నిప్పు లేదు. తోరికా పోయాక ఆ ఇంట్లో కర్రపెండలం ఉడికిన రోజులు తక్కువ.

"చెబుతాను" అన్నాడు. "సువా నుంచి వచ్చినామెకు చెబుతాను. ఇక వెళ్ళు."

ఆ మాట అన్నప్పుడు అతను నిజంగానే చెప్పాలనుకున్నాడు. భార్య పోయిన తర్వాత అతనికి మిగిలిన పని అదొక్కటే అనుకున్నాడు. నవ్విన ప్రతివాళ్ళ పేరూ ఒక్కొక్కటే ఆమె ముందు పెట్టాలి. అప్పుడు ఆ వార్డులో ఆ నవ్వు ఆగుతుంది.

సువా నుంచి రావలసినామె కంటే ముందు ఆసుపత్రివాళ్ళు వచ్చారు, తిమింగలం పన్ను పట్టుకుని.

తంబువా అంటే ఆ పన్నే. నూనె రాసి నున్నగా, పసుపుపచ్చగా, రెండు కొసలకూ పురి తాడు. అది చేతిలో పెట్టి తప్పు ఒప్పుకుంటే, అవతలివాడు అందుకుంటే, ఆ తప్పును పాతిపెట్టినట్టే. ఆ తర్వాత దాని గురించి నోరెత్తేవాడు పాతిన శవాన్ని తవ్వినవాడితో సమానం. పెద్ద డాక్టరు, సిస్టరు, ఇద్దరు పెద్దమనుషులు చాప మీద కూర్చున్నారు. వెనక వరసలో డాక్టర్ ఇసిమేలి, తల మోకాళ్ళకు ఆనేంతగా వంచుకుని.

ఒక పెద్దమనిషి పన్నును రెండు చేతుల్లో పట్టుకుని మొదలుపెట్టాడు. "మా చేతుల్లో ఒక దీపం ఆరింది. మీ గుమ్మం ముందు మా తలలు నేల మీద ఉన్నాయి. తొక్కినా మీదే, లేపినా మీదే..."

మాటలు బాగున్నాయి. ఎవరు ఆర్పారో, ఎలా ఆర్పారో ఆ మాటల్లో లేదు. చాలా తంబువాల్లో ఉండదు.

తీసుకోవలసింది ఎరెమాసి కాదు. వంశం తరఫున వంశపెద్ద నెమాని తీసుకోవాలి. ఎరెమాసి అతని వెనకే కూర్చుని ఉన్నాడు.

"అన్నా, ముట్టుకోకు" అన్నాడు మెల్లగా.

నెమాని వెనక్కి తిరగలేదు.

"అన్నా, ఏం జరిగిందో ముందు వాళ్ళ నోటితో చెప్పించు. తర్వాత ముట్టుకో."

నెమాని చేతులు చాచాడు. పన్ను అందుకున్నాడు. ముద్దు పెట్టుకున్నాడు. ఆ గదిలో అందరూ చేతులు గుల్లగా చేసి ఒకే ఊపున చప్పట్లు కొట్టారు. ఇసిమేలి భుజాలు కిందికి జారాయి. బరువు దించుకున్నవాడి భుజాలు ఎలా ఉంటాయో ఊళ్ళోవాళ్ళు అరటి గెలలు మోసి దించినప్పుడల్లా ఎరెమాసి చూశాడు. అలాగే ఉన్నాయి.

అందరూ వెళ్ళాక నెమాని అన్నాడు, "ఏమనుకుంటున్నావో నాకు తెలుసు. అనుకో. రేపు నా మనవరాలికి జ్వరం వస్తే ఎక్కడికి తీసుకెళ్ళను? అదే వార్డు. అదే డాక్టరు. పన్ను కాదని తిప్పి పంపిన ఊరివాళ్ళం అని తెలిస్తే మన పిల్ల మంచం దగ్గరికి ఎవరొస్తారు?"

"అదే వార్డు, అదే డాక్టరు" అన్నాడు ఎరెమాసి. "అదే కదా అన్నా నేనూ అనేది."



నూరో రాత్రి అయింది. ఊళ్ళో పంది కోశారు, చాపలు పంచారు, ఏడ్చేవాళ్ళు కడసారి ఏడ్చారు. గడ్డం తీసుకోమని మంగలి కత్తి ఇచ్చారు. ఎరెమాసి దాన్ని చూరులో దోపాడు.

సువా నుంచి విచారణకు వచ్చినామె పేరు సునీలా. చీర కట్టుకున్న సన్నటి మనిషి, వాళ్ళ భాష తడబడుతూ మాట్లాడుతుంది. ఆసుపత్రి బండిలో వచ్చింది. వెంట అలుమితా ఉంది. డ్రైవరు బండి దిగకుండా, తలుపు తెరిచి కాళ్ళు బయటికి చాపుకుని చెరకు నములుతున్నాడు.

"పెద్దాయనా, మీరు చెబితేనే ఈ అమ్మాయి మాట నిలబడుతుంది" అంది సునీలా. "హెచ్చరిక చెప్పానంటుంది. విన్నామని ఎవరూ అనడం లేదు. మీరూ అనకపోతే తప్పు ఈమెది అవుతుంది. ఈమెను ఎక్కడో చివరి దీవిలో మందుల గదికి పంపించేస్తారు. అది ఒకటి. వార్డు ఇలాగే ఉంటుంది. అది ఇంకొకటి."

"పాతిపెట్టారమ్మా" అన్నాడు ఎరెమాసి.

"తెలుసు. పన్ను సంగతి నాకు తెలుసు. చట్టానికి ఆ పన్నుతో పని లేదు."

అలుమితా గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "మామా, మీరు మాటిచ్చారు" అంది.

ఇచ్చాడు. అది అతని గుండెలో ముల్లులాగే ఉంది. నెమాని అందుకున్న పన్ను వంశానిది. ఇచ్చిన మాట అతనిది. ఏది ముందు? రాత్రిళ్ళు దాన్నే తిప్పి తిప్పి చూసుకున్నాడు. బండి చప్పుడు వినే సమయానికి చెప్పేద్దామనే అనుకుంటున్నాడు. నెమాని ఏమనుకున్నా సరే, ఊరు వెలేసినా సరే.

"అమ్మాయ్" అన్నాడు. "ఆ రోజు ఏమన్నావో ఈమె ముందు అను."

అలుమితా గొంతు సవరించుకుంది. "డాక్టరుగారూ, ఆ రక్తం ఈవిడది కాదు, పక్క మంచం ఆవిడది అన్నాను."

"అలా అనలేదు నువ్వు."

"అర్థం అదే మామా."

"అర్థం నాకొద్దు. ఎలా అన్నావో అలా అను. ఆ గొంతుతో అను."

ఆమె సునీలా వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తల అడ్డంగా ఊపింది. ఎరెమాసి కదల్లేదు. చివరికి ఆమె కళ్ళు మూసుకుని గొంతెత్తింది. ఎత్తగానే ఆ వార్డు గొంతే వచ్చింది, నీళ్ళ కళ్ళతోనే, ఆ ఊపుతో, ఆ సాగదీతతో. ఇంకోలా ఆ మాటలు ఆమె నోట పలకవు.

"ఓరి తాబేలు దొంగా! పక్క మంచం రక్తం ఎత్తుకొచ్చి ఆవిడకు పోస్తున్నావు! తాబేళ్ళు అయిపోయాయా మీకు..."

బండి దగ్గర డ్రైవరు పకపకా నవ్వాడు. అతనిదీ తీరమే. "ఏయ్ పచ్చిదుంపా! పొయ్యి రాజేయడం నేర్చుకున్నాక రా మాట్లాడటానికి!" అని అరిచాడు. అప్పుడు ఎవరూ నవ్వడం లేదని చూశాడు. నములుతున్న చెరకు నోట్లోనే ఉండిపోయింది.

అలుమితా గుమ్మానికి ఆనుకుని కిందికి జారింది. కొంగు లేని మనిషి, అరచేతులతోనే మొహం కప్పుకుంది.

"విన్నారా అమ్మా?" అన్నాడు ఎరెమాసి సునీలాతో.

"విన్నాను. ఆ రోజు కూడా ఇదే అందా? అందరూ విన్నారా? డాక్టరు విన్నాడా? అవునని ఒక్క మాట అనండి, చాలు. రాసుకుంటాను."

ఎరెమాసి అలుమితాను చూశాడు. ఆ పిల్ల మీద జాలి పడదామనుకున్నాడు. పడలేకపోయాడు. ఆమె చెప్పిన తర్వాత నవ్విన నవ్వు అడ్డం వచ్చింది. డాక్టరు నవ్వి వెళ్ళిపోయాడు. ఈమె కూడా నవ్వి వెళ్ళిపోయింది. ఒకడు వినలేదు. ఒకతె వినబడేలా చెప్పలేదు. తోరికా పొట్ట పట్టుకుని మధ్యలో పడుకుని ఉంది.

"నవ్వకుండా ఒక్కసారి చెప్పి ఉండవలసింది నువ్వు" అన్నాడు ఆ పిల్లతో. "వెళ్ళి ఆవిడ చేతిలో గొట్టం లాగేసి ఉండవలసింది. దుప్పట్లు లెక్కపెట్టుకోవడమే కదా. లెక్కపెట్టుకుని ఉండవలసింది."

"మామా..."

"మామా అనకు."

సునీలా లేచి నిలబడింది. "పెద్దాయనా, మీరు మాట్లాడకపోతే ఆ వార్డులో రేపు ఇంకొకరు పోతారు. అది మీకు పట్టదా?"

అతనికి పట్టిందో లేదో అతని మొహంలో తెలియలేదు. చూరులోంచి మంగలి కత్తి తీశాడు. వేలితో పదును చూశాడు. తిరిగి అక్కడే పెట్టాడు.

"పాతింది నేను కాదు" అన్నాడు. "కానీ పాతింది నా ఇంటి ముందే. మీరు వచ్చారు, విన్నారు. మీ డ్రైవరు నవ్వాడు. మీకు కావలసింది అదే అయితే అతన్ని అడిగి రాసుకోండి. నన్ను అడక్కండి. నా పెళ్ళాం సంగతి నా నోట ఇక రాదు. ఈ పిల్లకూ చెప్పను, మీకూ చెప్పను, నెమానికీ చెప్పను. పైన దేవుడు అడిగినా చెప్పను."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

అలుమితాను చివరి దీవికి పంపించారని తర్వాత ఊళ్ళో చెప్పుకున్నారు. డాక్టర్ ఇసిమేలికి ఆ వార్డులో ఇంకో తౌవూ దొరికిందనీ చెప్పుకున్నారు. ఆ మాట చెప్పినవాళ్ళు ఎరెమాసి వంక చూశారు. అతను దుంపల బుట్ట భుజానికెత్తుకుని లేచి వెళ్ళిపోయాడు.